మామ్మగారి కంటి చుక్కలు, నా నోట రాని మాట: మీరైతే ఏం చెప్పేవారు?

తూర్పుగాలి (మురళీనగర్)

అందరికీ వందనాలు. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మా ఎదురు ఫ్లాట్‌లో ఒక మామ్మగారు ఒక్కరే ఉంటారు. కొడుకూ కోడలూ హైదరాబాద్‌లో. మూడు వారాల కిందట ఆవిడ కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కొడుకు వచ్చి నాలుగు రోజులుండి వెళ్లాడు. తప్పు పట్టడం లేదు, సెలవు దొరకలేదు పాపం. చుక్కల మందు వేసేవాళ్లు లేక నన్ను పిలిచారు. రెండు సీసాలు. ఒకటి రోజుకు ఆరుసార్లు, ఇంకోటి నాలుగుసార్లు, వారం వారం తగ్గించుకుంటూ పోవాలి. రెండింటికీ మధ్య ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండో మందు మొదటిదాన్ని కడిగేస్తుందట. ఆ ఐదు నిమిషాలే మా ఇద్దరి కబుర్లు. ఆవిడ కన్ను మూసుకుని ముక్కు పక్కన వేలితో నొక్కుకుని కూర్చుంటారు. నేను గోడ గడియారం చూస్తూ కూర్చుంటాను.

మొన్న బుధవారం ఆ ఐదు నిమిషాల్లోనే అడిగారు. "ఏటే పిల్లా, కన్నకొడుకే ఉండలేకపోయాడు. నీకేటి అవసరం? రోజుకి ఆరుసార్లు తలుపు కొడతన్నావు."

నాకు మాట రాలేదు. "ఏముందిలెండి మామ్మగారూ, ఎదురిల్లే కదా" అనేసి రెండో సీసా మూత తీశాను.

ఆదివారం మందిరంలో సాక్ష్యాల సమయంలో ఒక అక్క లేచి నా గురించి చెప్పింది. "ఆ ఆత్మ కోసం భారంతో కష్టపడుతున్న మా చెల్లి" అంది. అందరూ ఆమెన్ అన్నారు. నాకు మాత్రం ఒంటిమీద చీమలు పాకినట్టయింది. చుక్కలు వేసేటప్పుడు నాకు ఏ ఆత్మా గుర్తు రాలేదు. కంట్లో పడిందా, రెప్ప మీద పడిందా, అదే చూశాను. ఒకరోజు మూత దొర్లి మంచం కిందకు పోతే చీపురుపుల్లతో లాగాను. ఇదంతా సువార్త పని అని ఎవరైనా అంటే నేనే దొంగలా అనిపిస్తోంది.

ఆవిడ అడిగినప్పుడు యేసు గురించి చెప్పకుండా తప్పు చేశానా? లేక చెప్పి ఉంటే ఇన్నాళ్లూ వేసిన చుక్కలన్నీ గాలానికి గుచ్చిన ఎర అయిపోయేవా?

---

బీచ్‌రోడ్డు_బ్రదర్

సిస్టర్, ప్రైజ్ ది లార్డ్. బాధ పెట్టాలని కాదు గానీ, తప్పు చేశారు. తలుపు ఆవిడే తీసింది. మీరు గుమ్మం దాకా వెళ్లి చెప్పులు వేసుకుని వెనక్కి వచ్చేశారు. రోమా 10:14 చదవండి, "ప్రకటించువాడు లేకుండ వారెట్లు విందురు?" సాయం అందరూ చేస్తారు. లయన్స్ క్లబ్ వాళ్లు కంటి శిబిరాలే పెడతారు. మీరు నోరు తెరవకపోతే ఆ చుక్కల వెనక ఎవరున్నారో ఆవిడకి ఎలా తెలుస్తుంది?

నేను ప్రతి శనివారం రైల్వే స్టేషన్ బయట కరపత్రాలు పంచుతాను. చాలామంది నాలుగడుగులు వేసి పడేస్తారు. అవి మళ్లీ ఏరుకుని, దులిపి, ఇంకొకరికి ఇస్తాను. సిగ్గుపడితే ఎలా?

---

వన్‌టౌన్_మాస్టారు

తమ్ముడూ, పడేసిన కాగితాలు ఏరుకోవడం మెచ్చుకోవలసిన పనే, మన రోడ్లు శుభ్రంగా ఉంటాయి. రోమా పదో అధ్యాయంతో పాటు మొదటి పేతురు 3:15 కూడా చూడు. అడిగినవాడికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమంటాడు, ఆ చెప్పేది "సాత్వికముతోను భయముతోను" చెప్పమంటాడు. ముందు వాళ్లు అడగాలి. అడిగేంతగా మన దగ్గర ఏదో కనబడాలి. అమ్మాయిని అడిగారుగా! ఈ బుధవారం జవాబు రాకపోతే వచ్చే బుధవారం వస్తుంది. మామ్మగారు ఎక్కడికీ పారిపోవడం లేదు, కంట్లో మందు పడాలి కదా.

మన ఊళ్లోనే పాత సంగతి ఒకటుంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డెస్ గ్రాంజెస్ అని ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. దిగగానే ప్రసంగాలు దంచుదామన్నా నోరు తిరగాలి కదా. కూర్చుని తెలుగు నేర్చుకున్నారు, బడి పెట్టారు, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. ఐదారేళ్లు తిరక్కుండానే ఇద్దరూ పోయారు. వాళ్ల తర్వాత ప్రిచెట్ చేసిన తెలుగు కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. చెప్పడానికి వచ్చినవాళ్లు ముందు ఈ ఊరి వాళ్ల ముందు కూర్చుని ఓనమాలు దిద్దుకున్నారన్నమాట. మనవాళ్లు ఆ మొదటి భాగం వదిలేసి రెండోదానికి పరిగెడతారు.

---

ఎదురింటివాణ్ణి (సీతమ్మధార)

నేను క్రైస్తవుణ్ణి కాను. మీ భాషలో "అన్యుణ్ణి". ఆ మాట సంగతి చివర్లో చెబుతాను.

తూర్పుగాలి గారూ, మీరు రాసింది మా అమ్మకి చదివి వినిపించాను. "ఆ పిల్ల మంచిది" అంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎందుకో నాకు తెలుసు.

మా పక్కింటి క్రైస్తవ కుటుంబం చాలా మంచివాళ్లు. గ్యాస్ బుకింగ్ నుంచి కరెంటు బిల్లు దాకా అమ్మకి వాళ్లే చూసిపెట్టేవారు. క్రిస్మస్‌కి కేకు పంపేవారు, అందరం తినేవాళ్లం. ఒక ఏడాది చందనోత్సవానికి అమ్మ సింహాచలం వెళ్లి, ఎండలో ఐదు గంటలు లైన్లో నిలబడి వచ్చింది. పులిహోర పొట్లం ఒకటి పక్కింటికి పట్టుకెళ్లింది. ఆవిడ నవ్వుతూ రెండు చేతులా అందుకున్నారు. మర్నాడు పొద్దున్న చెత్త బండి వచ్చినప్పుడు వాళ్ల బుట్టలో అన్నిటికంటే పైన ఆ పొట్లమే ఉంది. దారం ముడి కూడా విప్పలేదు. అమ్మ చూసింది, ఏమీ అనలేదు. ఆ డిసెంబరులో కేకు వస్తే తీసుకుంది, మాకందరికీ ముక్కలు కోసి పెట్టింది. తను మాత్రం షుగరని చెప్పి ముట్టుకోలేదు. అమ్మకి షుగరు లేదు.

"మేం ప్రసాదం తినమండీ, ఏమీ అనుకోకండి" అని గుమ్మంలోనే చెప్పి ఉంటే అమ్మ ఒక్కపూట నొచ్చుకునేది. ఇది ఆరేళ్లయినా పోలేదు.

ఇక "అన్యులు". మీ పుస్తకంలో ఉన్న మాటే అయ్యుండొచ్చు. మైకులో ఆ మాట వినబడినప్పుడల్లా పెళ్లికి పిలిచి వేరే పంక్తిలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది.

---

మార్తమ్మ_గాజువాక

బాబూ, మీ అమ్మగారికి నా తరఫున క్షమాపణ చెప్పు. ఆ పక్కింటావిడని నేను కాదు గానీ, అయ్యుండొచ్చు. మా వీధిలో వినాయకచవితికి వచ్చిన ఉండ్రాళ్లు నేను కూడా చీకటి పడ్డాక కుక్కకి పెట్టాను. ఎవరూ చూడలేదనుకున్నాను. ఇప్పుడు నువ్వు రాసింది చదివాక వాళ్లు చూసే ఉంటారేమోనని టెన్షన్ పట్టుకుంది.

---

బీచ్‌రోడ్డు_బ్రదర్

అంటే ఇప్పుడు మనుషుల మెప్పు కోసం ప్రసాదాలు తినమంటారా? పౌలు ఏం రాశాడు?

---

పెందుర్తి_పాస్టర్

ఆయన రాసింది మొత్తం చదువుదాం. మొదటి కొరింథీ 10:27, 28. విశ్వాసం లేనివాడు భోజనానికి పిలిస్తే, వెళ్లాలనిపిస్తే వెళ్లు, పెట్టింది ఏ విచారణా చేయకుండా తిను. "ఇది దేవతలకి అర్పించింది" అని ఎవరైనా చెబితే, అలా చెప్పినవాడి కోసం, మనస్సాక్షి కోసం తినకు. నేను మా సంఘంలో ప్రసాదం తినకూడదనే బోధిస్తాను, దాచుకోను. తింటే తప్పులేదనే విశ్వాసులూ నాకు తెలుసు, వాళ్లతో ఒకే బల్ల దగ్గర కూర్చుంటాను.

కానీ సీతమ్మధార సోదరుడు చెప్పింది తినడం, తినకపోవడం గురించి కాదు. చెయ్యి చాచి తీసుకోవడం అబద్ధం. నవ్వు రెండో అబద్ధం. మనకి "కాదు" అని మర్యాదగా చెప్పడం రాదు, అదీ జబ్బు. నేను గుమ్మంలోనే చెప్పేస్తాను. "అమ్మా, ప్రసాదం తీసుకోలేను. మీ చేతి కాఫీ అయితే ఇప్పుడే లోపలికొచ్చి తాగుతాను." ఇరవై ఏళ్లలో ఒక్కరు కూడా కాఫీ ఇవ్వకుండా పంపలేదు. ఒకావిడైతే ఉప్మా కూడా పెట్టింది, అది ముందురోజుదని నా అనుమానం.

"అన్యులు" అనే మాట నా నాలుక మీదా ఉంది. వచ్చే ఆదివారం నుంచి "ఇరుగుపొరుగు" అందామని చూస్తాను. అలవాటు, జారితే మన్నించాలి.

---

ప్రశ్నార్థకం

నేను ఏ దేవుణ్ణీ నమ్మను. ఈ చర్చ ఆసక్తిగా ఉంది కాబట్టి ఒక్కటే అడుగుతా. ఆ మామ్మగారు రేపు పొద్దున్న "నాకు మీ యేసు ఇప్పుడూ వద్దు, ఎప్పుడూ వద్దు" అని కచ్చితంగా చెప్పేస్తే, సాయంత్రం చుక్కలు వేయడానికి ఎవరెళ్తారు? దీనికి జవాబు వస్తే మిగతా ప్రశ్నలతో నాకు పనిలేదు.

---

తూర్పుగాలి

నేనే వెళ్తాను. ఇంకెవరెళ్తారు? సాయంత్రం ఐదున్నరకి ఉంది.

---

ప్రశ్నార్థకం

సరే. నా కుర్చీ నేను వేసుకుని కూర్చుంటా.

---

వన్‌టౌన్_మాస్టారు

ప్రశ్నార్థకం గారూ, మీకు నచ్చే సాక్షి ఒకాయన ఉన్నాడు. రోమ్ చక్రవర్తి జూలియన్, నాలుగో శతాబ్దం వాడు. క్రైస్తవాన్ని వదిలేసి పాత దేవతల పూజలు మళ్లీ నిలబెట్టాలని చూశాడు. ఆయన ఒక పూజారికి ఉత్తరం రాస్తూ, ఈ గలిలయులు (క్రైస్తవులని ఆయన అలా పిలిచేవాడు) వాళ్ల పేదలనే కాదు మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనవాళ్లకి మన నుంచి సాయం అందకపోవడం సిగ్గుచేటు అని తిట్టుకున్నాడు. పక్కవాడి మతం చూడకుండా పెట్టారని గిట్టనివాడు ఒప్పుకున్న ముక్క అది. మనవాళ్లు రాసుకున్న పొగడ్తలకంటే నాకు ఆ తిట్టే ఇష్టం.

---

నైట్‌డ్యూటీ

నర్సుని. ఏ ఆసుపత్రో చెప్పను. ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటి అనాలి. మంచం మీద ఉన్నవాడు "వద్దు" అనలేడు.

ఒకప్పుడు మా వార్డుకి ఆదివారం మధ్యాహ్నాలు ఒక ప్రార్థన బృందం వచ్చేది. పండ్లు పంచి, తల మీద చెయ్యి పెట్టి, గట్టిగా ప్రార్థన చేసేవారు. కొందరు రోగులకి నిజంగా ధైర్యం వచ్చేది, అది నేను చూశాను. కానీ సెలైన్ ఎక్కుతున్న చేత్తో బత్తాయి పట్టుకుని, గోడవైపు చూస్తూ బిగుసుకుపోయిన వాళ్లనీ చూశాను. పండు తీసుకున్నాక తల తిప్పుకోవడం మర్యాద కాదని ఊరుకునేవారు. నేనూ విశ్వాసినే. అయినా వాళ్లని ఆపి, "ముందు అడగండి, అడిగాకే చెయ్యి పెట్టండి" అన్నాను. నా మీద పైకి కంప్లైంట్ వెళ్లింది.

2021 మేలో కోవిడ్ వార్డు. పీపీఈ కిట్‌లో చెమట కారి గ్లౌజుల్లోకి దిగేది. ఒక పెద్దాయన ఆక్సిజన్ మీద ఉన్నారు. రాత్రి రెండింటికి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ప్రార్థన చేయమంటారా బాబాయ్?" అని అడిగాను. తల అడ్డంగా ఊపారు. మాస్కు కొంచెం జరిపి "మా ఆవిడకి ఫోన్ కలుపు" అన్నారు. కలిపాను. మాట్లాడలేకపోయారు, అవతల ఆవిడే మాట్లాడింది. కూర ఏం వండిందో, పెరట్లో జామచెట్టు ఎలా ఉందో చెప్పింది. పదకొండు నిమిషాలు ఫోన్ ఆయన చెవి దగ్గర పట్టుకుని నిలబడ్డాను. నా ప్రార్థన నేను లోపల చేసుకున్నాను, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

ఆయన బతికారు. తర్వాత ఎప్పుడూ కనబడలేదు. ఏ మతమో కూడా నాకు తెలియదు.

---

బీచ్‌రోడ్డు_బ్రదర్

సిస్టర్, మీ మాట ఆలోచించాల్సిందే. ఒప్పుకుంటున్నాను.

ఇంకో సలహా. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ వస్తుంది కదా. కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర బయల్దేరి 32 కిలోమీటర్లు నడుస్తారు. మురళీనగర్ మీదుగానే వెళ్తారు. మన యువకులం నీళ్ల సీసాలు పంచితే? సీసా మీద చిన్న వాక్యం స్టిక్కర్, అంతే. ఎవరినీ బలవంతపెట్టం.

---

నల్లకోటు

తమ్ముడూ, స్టిక్కర్ ఆలోచన అక్కడే ఆపు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది, నిజమే. కానీ ఇంకొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా మన రాష్ట్రంలో 2007 చట్టం ఒకటుంది, ప్రభుత్వం గుర్తించిన ప్రార్థనా స్థలాల దగ్గర వేరే మత ప్రచారం చేయకూడదు. రోడ్డు ఆ పరిధిలోకి వస్తుందా రాదా అని వాదించుకోవడానికి నాకు ఫీజు వస్తుంది, నీకు రాత్రంతా స్టేషన్‌లో కూర్చునే భాగ్యం వస్తుంది.

చట్టం పక్కన పెట్టు. క్రిస్మస్ అర్ధరాత్రి ఆరాధన నుంచి బయటికి వస్తుంటే ఎవరైనా టీ ఇచ్చి, కప్పు మీద వాళ్ల దేవుడి శ్లోకం అంటిస్తే నీకెలా ఉంటుంది?

---

బీచ్‌రోడ్డు_బ్రదర్

స్టిక్కర్ లేకుండా ఇవ్వొచ్చా?

---

ఎదురింటివాణ్ణి

ఇవ్వు తమ్ముడూ. నేను ఏటా నడుస్తాను. మాధవధార దాటాక కాళ్లు నావి కావు. చల్లటివి ఇవ్వు. కుదిరితే మజ్జిగ, అల్లం పచ్చిమిర్చి వేసి.

---

జాలరిపేట_గుంట

అందరూ మనం ఇచ్చే సంగతే రాస్తున్నారు. మేం తీసుకున్నవాళ్లం, అది కూడా వినండి.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను. మా ఇంటి రేకులు గాలిపటాల్లా ఎగిరిపోయాయి. నాకప్పుడు పదమూడేళ్లు. నాన్న మా అందర్నీ పట్టుకుని పై వీధిలో గుడి మండపంలోకి తీసుకెళ్లాడు. మా అమ్మ మెడలో సిలువ గొలుసు ఉంది, తడిసిన చీర మీద తెల్లగా కనబడుతోంది. అమ్మ దాన్ని కొంగుతో కప్పుకుంది. పూజారిగారు చూశారు. "ఎందుకమ్మా కప్పుకుంటావు, నీ దేవుడికీ చలి వేస్తుందా?" అని నవ్వారు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

మూడు రాత్రులు అక్కడే పడుకున్నాం. కరెంటు లేదు, పాలు లేవు. రెండో రోజు పెద్ద గిన్నెతో అన్నం, చారు తెచ్చారు. మా అమ్మ వెనక్కి జరిగింది. ఆయనకి అర్థమైంది. "ఇది నైవేద్యం పెట్టలేదమ్మా. అది వేరే తీశాను. ఇది మీ కోసం వండిందే" అన్నారు. అంత తుపానులో, ఉన్న బియ్యమే తక్కువ, ఆయన మా కోసం విడిగా ఒక గిన్నె పెట్టారు!

మా అమ్మ ఇప్పటికీ ప్రార్థనలో ఆయన పేరు ఎత్తుతుంది. మారాలని కాదు, ఆయన మోకాళ్ల నొప్పులు తగ్గాలని.

యోహాను నాలుగులో సమరయ స్త్రీతో యేసయ్య మొదట అన్నమాట ఏంటో చూసుకోండి. నీళ్లు అడిగాడు. ఇస్తాననలేదు ముందు, అడిగాడు.

---

పెందుర్తి_పాస్టర్

అమ్మా, ఇది ఆదివారం చెప్పుకోవచ్చా? ఊరు, పేరు చెప్పను.

---

జాలరిపేట_గుంట

చెప్పండి అయ్యగారూ. చివర్లో "ఆ పూజారి రక్షణ కోసం ప్రార్థిద్దాం" అని మాత్రం కలపకండి.

---

వాల్తేరు_వింత

"సువార్త ప్రకటించు, అవసరమైతే మాటలు వాడు" అని అస్సీసీ ఫ్రాన్సిస్ చెప్పాడు కదా, దానితో ఈ చర్చ అయిపోయినట్టే.

---

వన్‌టౌన్_మాస్టారు

అయిపోలేదు నాయనా. ఆయన రాతల్లో ఎక్కడా ఆ మాట లేదు. వాట్సాప్‌లో ఉంది. 1221 నాటి ఆయన నియమావళిలో మాత్రం ఇంతకంటే మంచిది ఉంది. వేరే మతస్థుల మధ్య ఉండే సహోదరులకు రెండు దారులు చెప్పాడు. ఒకటి, వాదనలకి దిగకుండా అందరికీ లోబడి ఉంటూ తాము క్రైస్తవులమని ఒప్పుకోవడం. రెండు, దేవుడికి ఇష్టమని తోచినప్పుడు వాక్యం చెప్పడం. మాటలు మానేయమనలేదు. దాచుకోమని కూడా అనలేదు. తూర్పుగాలి అమ్మాయి దాచింది, అంతవరకు బీచ్‌రోడ్డు తమ్ముడు అన్నది నిజం.

---

తూర్పుగాలి

మాస్టారూ, ఆ చివరి వాక్యం నాకు గట్టిగానే తగిలింది. అవును, దాచాను. "ఎదురిల్లే కదా" అన్నది పూర్తి నిజం కాదు.

నిన్న సాయంత్రం ఐదున్నరకి మొదటి చుక్క వేశాక నేనే ఎత్తాను. "మామ్మగారూ, మొన్న అడిగారు కదా, నాకేంటి అవసరమని." ఆవిడ కన్ను మూసుకునే ఉన్నారు. మా అమ్మ చివరి రోజుల్లో నేను దగ్గర లేనని చెప్పాను. ఎవరో ఒక పక్కింటావిడ తనకి అన్నం కలిపి పెట్టిందని తర్వాత తెలిసిందని చెప్పాను. ఇది నేనెప్పుడూ మందిరంలో కూడా చెప్పలేదు. ఆ తర్వాత, యేసుప్రభువు నా మీద చూపించిన దయ తలుచుకుంటే ఊరికే కూర్చోలేను, అది కూడా ఒక కారణమని అన్నాను. రెండు వాక్యాలే. గొంతు వణికింది.

మామ్మగారు వేలు తీయకుండానే "మా సింహాచలం అప్పన్న కూడా అలాగే కూకోనివ్వడు" అన్నారు. కాసేపాగి "మీ అమ్మకేటి జబ్బు?" అని అడిగారు. చెప్పాను. ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయింది, పన్నెండయింది. రెండో చుక్క ఆలస్యంగా పడింది.

ఇవాళ కొత్త చిక్కు. కళ్లజోడు నంబరు ఇంకా ఇవ్వలేదు, ఎడమకన్ను కూడా మసకే. తను రోజూ చదువుకునే స్తోత్రాల పుస్తకం నన్ను చదివి పెట్టమన్నారు. పాస్టర్ గారు నేర్పినట్టే గుమ్మంలోనే చెప్పేశాను. "అది నేను చదవలేను మామ్మగారూ, నా మనసు ఒప్పుకోదు. కావాలంటే రోజూ పేపరు చదువుతాను."

మొహం కొంచెం చిన్నబోయింది. నాకు భయమేసింది. అంతలో "సరే అయితే పేపరే చదువు. ముందు రాశిఫలాలు" అన్నారు.

---

పెందుర్తి_పాస్టర్

అమ్మా! దానికి పౌలు దగ్గర వచనం లేదు.

---

ఎదురింటివాణ్ణి

మా అమ్మ అడుగుతోంది, మామ్మగారిది ఏ రాశి?

---

నైట్‌డ్యూటీ

రాశి సంగతి తర్వాత. తూర్పుగాలి గారూ, చుక్కలు ఎప్పుడు తగ్గించాలో చీటీలో రాసిన తేదీలు చూసుకుంటున్నారా? బాగానే ఉంది కదా అని మధ్యలో ఆపేస్తారు చాలామంది. కన్ను ఎర్రబడినా, నొప్పి పెరిగినా, చూపు మసకబారినా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి. సీసా మూతి రెప్పకి తగలనివ్వకండి.

---

తూర్పుగాలి

చూస్తున్నాను సిస్టర్, ఫ్రిజ్ మీద అంటించాను. ఎడమకంటికి వచ్చే నెల రమ్మన్నారు. ఆ నాలుగు రోజులు కొడుకు వస్తాడట, మిగతావి నావే. ఆవిడది వృశ్చికం.